తిరిగి చెప్పని ఎత్తు

ఫిక్రీ అబు సమ్రాకి నాలుగో ఏట తట్టు పోసి రెండు కళ్ళూ పోయాయి. చూపు ఎలా ఉంటుందో గుర్తు లేదు కాబట్టి దానికోసం బెంగపెట్టుకున్నదీ లేదు. ఇరవై రెండో ఏట అలెగ్జాండ్రియాలో ఒక పెద్ద ఆసుపత్రిలో టెలిఫోను ఆపరేటరుగా కుదిరాడు. బల్ల మీద వరసగా చిన్న చిన్న రేకు తలుపులు ఉండేవి. ఏ లైను నుంచి పిలుపు వస్తే ఆ రేకు ‘టిక్’ మని కిందికి పడేది. ఫిక్రీ వేలు వెళ్ళి సరిగ్గా దాని మీదే వాలేది. "హలో" అనడానికి ముందు తీసుకునే ఊపిరిని బట్టే అవతల ఉన్నది ఏ డాక్టరో, ఇవాళ ఎంత చిరాకులో ఉన్నాడో చెప్పేసేవాడు.

"దేవుడు నీకు కళ్ళివ్వకపోవడమే మంచిదైంది. చెవులతోనే ఊరందరి గుట్టూ లాగుతున్నావు" అనేది భార్య సనియ్యా.

వారమంతా ఆసుపత్రి ఫోన్లు. గురువారం సాయంత్రం మాత్రం చదరంగం. ముహర్రం బే పేటలో అతని ఇంటికి నాలుగు వీధుల అవతల అంధుల సంఘం హాలు ఉండేది. అక్కడ ఆట చూపున్నవాళ్ళ ఆటలాగే ఉంటుంది కానీ, ఒకే పలక మీద ఇద్దరూ తడుముకుంటే పావులన్నీ దొర్లిపోతాయి. అందుకని ఎవరి పలక వాళ్ళది. ప్రతి గడికీ ఒక చిల్లు, ప్రతి పావుకీ కింద ఒక పుల్ల. ఎత్తు వేసేవాడు ముందు దాన్ని పైకి చెప్పాలి. అవతలివాడు అదే మాట తిరిగి చెప్పి, తన పలక మీద కూడా అలాగే గుచ్చుకోవాలి. నోటితో చెప్పిందే ఎత్తు. చెయ్యి ఎక్కడ గుచ్చినా, మాటదే చెల్లుబాటు.

నిలువు వరసలు ఎనిమిదింటికీ ఆ సంఘంవాళ్ళు ట్రామ్ స్టేషన్ల పేర్లు పెట్టుకున్నారు. రమ్ల్, అజరీతా, షాత్బీ, కాంప్ షెజార్, ఇబ్రహీమియ్యా, స్పోర్టింగ్, క్లియోపాత్రా, సీదీ గాబర్. అడ్డ వరసలకి ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలే. కొత్తగా ఎవరైనా హాల్లోకి అడుగుపెడితే "గుర్రం, షాత్బీ మూడు" "బంటు, ఇబ్రహీమియ్యా అయిదు" అన్న కేకలు విని, ఇదేదో ట్రామ్ డిపో అనుకునేవాడు.

ఆ హాల్లో ఫిక్రీకి ఒకే ఒక్క మనిషి పోటీ. ఆయన పేరు షేక్ అబ్దెల్ బారీ. కోమ్ ఎల్ దిక్కా పేటలో ఉండేవాడు. పుట్టు గుడ్డి. ఖురాను మొత్తం నోటికి వచ్చు. చావు ఇళ్ళ ముందు వేసే పందిళ్ళలో కూర్చుని పఠించడం ఆయన వృత్తి. భారీ మనిషి, లవంగం నమిలే అలవాటు, మాటకీ మాటకీ మధ్య చిన్న దగ్గు. ఆయన గొంతు విని రాళ్ళలాంటి మనుషులు కూడా కన్నీళ్ళు పెట్టుకునేవారట. పలక ముందు కూర్చుంటే మాత్రం ఆ గొంతుకి దయాదాక్షిణ్యాలు ఉండేవి కావు.

"పందిట్లో నా పఠనం విని ఏడుస్తారు. ఇక్కడ నా ఎత్తు విని నువ్వేడువు" అనేవాడు.

"ఏడిపించడం మీకు బతుకుతెరువు, మౌలానా. ఆదాయం లేనిచోట ఎందుకూ ఆ శ్రమ?" అనేవాడు ఫిక్రీ.

"నీ రాజు అజరీతాలో ట్రామ్ తప్పిపోయి నిలబడ్డాడు. వాణ్ణి చూసుకో ముందు."

తొమ్మిదేళ్ళలో ఇద్దరూ పోటీల్లో ఇరవై రెండు సార్లు తలపడ్డారు. పదకొండు ఆయనవి, పదకొండు ఇతనివి. ఒక్కటంటే ఒక్కటి డ్రా కాలేదు. "డ్రా అంటే ఇద్దరూ ఓడిపోవడం" అని షేకు తేల్చేసేవాడు. ఫిక్రీదీ అదే పట్టుదల. ఎంతగా అంటే, ఎదుటివాడి పలక చప్పుడు కూడా అతనికి కంఠతా వచ్చేసింది. షేకు పలకని అత్తారీన్ బజారులో ఒక వడ్రంగి చేశాడు. ఒకసారి ట్రామ్ దిగుతుంటే జారిపడి, అందులో ఒక చిల్లు పగిలింది. అది స్పోర్టింగ్ మూడో గడి. మిగతా గళ్ళలో పావు గుచ్చితే ‘టక్’ మనేది. ఆ గడిలో మాత్రం ‘దబ్’ మని మెత్తగా మోగేది.

"మీ పావు బురదలో దిగబడింది" అని ఫిక్రీ నవ్వేవాడు.

పంతొమ్మిది వందల ఎనభై అయిదులో, వసంతం పండగ వెళ్ళిన వారానికి, నగర పోటీలో ఆఖరి ఆట ఈ ఇద్దరికే పడింది. పండక్కి తిన్న ఉప్పు చేపల వాసన హాల్లో అందరి బట్టలకీ ఇంకా పట్టుకునే ఉంది. ఫిక్రీ పక్కన ఎప్పట్లాగే చిన్న టేపు రికార్డరు ఉంది. ఎత్తులు రాసుకోలేనివాళ్ళు అందులో చెప్పుకుంటారు. షేకుకి ఆ యంత్రం గిట్టదు. "ఖురానంతా పట్టిన బుర్రలో నలభై ఎత్తులు పట్టవా?" అనేవాడు.

ఆట నాలుగు గంటలు సాగింది. చివరికి షేకు దగ్గర రాజు, ఒక ఏనుగు, ఒక బంటు మిగిలాయి. ఫిక్రీ దగ్గర రాజు, ఏనుగు. షేకు బంటు మంత్రి కావడానికి ఒక్క అడుగే దూరం. దాని దారికి అడ్డుగా నిలబడ్డది ఆయన రాజే. ఆ రాజు పక్కకి తప్పుకోవాలంటే ఫిక్రీ ఏనుగు కొట్టే దెబ్బలకి ఒక అడ్డు కావాలి. ఏనుగుని నాలుగో వరసలో పెడితే అది గొడుగులా అడ్డుపడుతుంది. ఆ కిటుకు ఆ హాల్లో సగం మందికి నేర్పింది షేకే. ఇంక రెండు మూడు ఎత్తులే, ఓటమి ఖాయం.

షేకు దగ్గాడు. "ఏనుగు, స్పోర్టింగ్ నాలుగు" అన్నాడు.

మాట స్పష్టంగా వినబడింది. ఆ వెంటనే ఆయన పలక మీద పావు గుచ్చిన చప్పుడు కూడా వినబడింది.

దబ్.

తిరిగి చెప్పడానికి తెరిచిన నోరు ఫిక్రీకి మూతబడింది. షేకు వేలు ఒక వరస తప్పింది. ఏనుగు నాలుగులో కాకుండా మూడులో దిగింది. అసలు లెక్క ప్రకారం షేకు గెలుస్తున్నాడు. ఆయన వేళ్ళ కింద మాత్రం వేరే ఆట ఉంది. అక్కడ, అదే మూడో వరసలో, సీదీ గాబర్ దగ్గర ఫిక్రీ ఏనుగు కాచుకుని ఉంది. కాపలా లేని పావు దాని నోటికి ఎదురుగా పడినట్టే.

"ఏం ఫిక్రీ, తిరిగి చెప్పవేం?"

ఫిక్రీ మాట్లాడలేదు. పోటీ చూసుకోవాల్సిన సంఘం కార్యదర్శి రమ్జీ మాస్టారు టీ గ్లాసు కోసం వరండాలోకి వెళ్ళాడు. షేకు తన పలక మీద వేళ్ళు పరిచి తడుముకుంటున్నాడు. ఆ చప్పుడు ఒకచోట ఆగింది. ఊపిరి కూడా ఆగింది.

"నేనేం చెప్పాను?" షేకు గొంతు బాగా తగ్గించి అడిగాడు. "మూడా, నాలుగా?"

ఆ ప్రశ్నకి జవాబు ఒక్క మాట. దాని బదులు ఫిక్రీ నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

"డ్రా చేసుకుందామా, మౌలానా?"

చాలాసేపు లవంగం నములుతున్న చప్పుడు వచ్చింది. తరవాత బల్ల మీదుగా ఒక పెద్ద చెయ్యి వచ్చి ఫిక్రీ చేతిని వెతికి పట్టుకుంది. అది చెమటతో తడిసి చల్లగా ఉంది.

రమ్జీ తిరిగొచ్చేసరికి షేకు పావులన్నీ పెట్టెలో పోసేసుకున్నాడు. "మాస్టారూ, రాసుకో" అన్నాడు హాలంతా వినబడేలా. "ఆటలో నేను చచ్చాను. నా ఏనుగుని తీసుకెళ్ళి వీడి నోటి ముందు పెట్టాను. కొరికి మింగెయ్యొచ్చు. మింగలేదు. డ్రా ఇచ్చాడు. ఈ ఊళ్ళో మగాడంటే వీడూ!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఫిక్రీ ఏదో అనబోయాడు కానీ, చప్పట్లలో అది ఎవరికీ వినబడలేదు. రెండోసారి ప్రయత్నించలేదు. కప్పు చెరో ఆర్నెల్లు ఉంచుకోవాలని రమ్జీ తీర్పు చెప్తే, ముందు ఫిక్రీ ఇంట్లోనే ఉండాలని షేకు పట్టుబట్టాడు.

ఇంటికెళ్ళే దారిలో ఫిక్రీ తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. తప్పు గుచ్చింది ఆయన వేలు. తను అబద్ధం చెప్పలేదు. ఆటలో ఎవడి జాగ్రత్త వాడిదే. ఆ సమాధానం రెండు మూడు రోజులు బాగానే పనిచేసింది. ఆ తరవాత షేకు నోరు పనిచెయ్యడం మొదలైంది. వెళ్ళిన ప్రతి పందిట్లోనూ, పఠనానికీ పఠనానికీ మధ్య కాఫీ ఇచ్చినప్పుడల్లా ఆయన ఇదే కథ చెప్పేవాడు. కొరకని నోరు కథ. ఒకరోజు ట్రామ్‌లో ముక్కూ మొహం తెలియని మనిషి ఫిక్రీ భుజం తట్టాడు.

"షేక్ గారి ఏనుగుని వదిలేసింది మీరేగా? రండి, ఇక్కడ కూర్చోండి" అని తన సీటు ఇచ్చాడు.

ఫిక్రీ కూర్చున్నాడు. దిగాల్సిన స్టేషను దాటిపోయినా లేవలేకపోయాడు.

ఆ వేసవిలో గురువారాలు తగ్గించేశాడు. సనియ్యాకి ఒంట్లో బాగాలేదనీ, డ్యూటీ మారిందనీ సాకులు చెప్పాడు. షేకు కబురు పెడితే వస్తానన్నాడు, వెళ్ళలేదు.

నవంబరులో ఒక మధ్యాహ్నం భోజనాల వేళ పద్నాలుగో రేకు పడింది.

"ఆపరేటరుగారూ, ఒక పేదవాడికి ఫిక్రీ అబు సమ్రాని కలుపుతారా?"

"మౌలానా! ఎక్కణ్ణుంచి?"

"నీ నెత్తి మీంచే. రెండో అంతస్తు, గుండె వార్డు. మూడు రోజులైంది పడేసి. నర్సమ్మ చెయ్యి పట్టుకుని ఈ ఫోను దాకా తీసుకొచ్చింది. నేను ఫోను చేస్తే ఎవరో చచ్చారని హడలిపోతారు జనం, నువ్వు కూడా హడలిపోయావా?"

"లేదు, మౌలానా. ఎలా ఉంది?"

"గుండెకాయ నీలా ఆడుతోంది. ముందుకీ పోదు, వెనక్కీ పోదు." దగ్గాడు. "ఒకసారి పైకి రారాదూ? పలక నా దిండు కిందే ఉంది. మన ఆఖరాట మళ్ళీ పెట్టి చూస్తున్నా. చేతికి ఒకటి తగుల్తోంది, నోటికి ఇంకోటి తగుల్తోంది."

"అంటే?"

"నువ్వొస్తేగా తెలిసేది. ఆ రోజు నీ డబ్బా తిరుగుతూనే ఉంది కదా, ఆ టేపు పట్టుకురా. ఇద్దరం విందాం."

"డ్యూటీ దిగాక వస్తా, మౌలానా."

డ్యూటీ దిగాక ముందు మెట్లు ఎక్కకుండా, వంటశాల వైపు ఉన్న వెనక దారిలోంచి వెళ్ళిపోయాడు. మర్నాడు అదే వేళకి మళ్ళీ పద్నాలుగో రేకు పడింది. "ఇవాళ లైన్లు ఊపిరాడనివ్వట్లేదు, రేపు తప్పకుండా" అన్నాడు. "సరేలే, నేనెక్కడికి పోతా" అన్నాడు షేకు. ఆ నవ్వులో ఆయాసం ఉంది. ఫిక్రీ చెవికి ఆ ఆయాసం ఎంత దూరం వచ్చిందో తెలిసింది. తెలిసి కూడా వెనక దారినే వెళ్ళాడు.

మూడో రోజు ఉదయం పది గంటలకి పద్నాలుగో రేకు పడింది. ఈసారి పలికింది పెద్ద నర్సు.

"ఫిక్రీ, కోమ్ ఎల్ దిక్కాలో ఒక నంబరుంది, కలుపు. షేక్ గారి కూతురు ఇన్షిరాహ్. వెంటనే రమ్మనాలి."

ఆ నంబరు ఆవిడ చెప్పక్కర్లేదు, అతనికి తొమ్మిదేళ్ళుగా తెలుసు. కలిపాడు. కలిపాక ఆపరేటరు మీట పైకి ఎత్తేసి తప్పుకోవాలి. అది ఎత్తడం మరిచిపోయాడు. అవతల ఆ అమ్మాయి "చెప్పండి" అనడం, నర్సు మాట వెతుక్కోవడం, ఆ తరవాత ఇన్షిరాహ్ పెట్టిన కేక, అన్నీ అతని చెవిలోనే జరిగాయి.

అబ్దెల్ బారీ చావు పందిట్లో వేరే షేకు పఠించాడు. ఆయన గొంతు బాగానే ఉంది. జనం ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటూ "అదుగో, ఫిక్రీ వచ్చాడు" అని దారి ఇచ్చారు. ముందు వరసలో కూర్చోబెట్టారు.

డిసెంబరు తుపాన్లు మొదలయ్యాక పద్నాలుగో రేకు పడడం మొదలైంది. మధ్యాహ్నం భోజనాల వేళ, వార్డులు సద్దుమణిగే ఆ అరగంటలో, ‘టిక్’ మనేది. ఫిక్రీ తీసేవాడు. "ఆపరేటర్" అనేవాడు. అవతల ఎవరూ పలికేవారు కారు. లైను కొట్టేసిన చప్పుడూ వచ్చేది కాదు. అటు తెరిచే ఉండేది. సన్నగా తడి గాలి లాంటిదేదో ఆడుతుండేది. వేలమంది మౌనాన్ని విన్న చెవి అతనిది. ఎత్తు పైకి చెప్పేసి, ఎదుటివాడు తిరిగి చెప్పేదాకా కాచుకున్న మనిషి మౌనంలా వినబడేది అది. పైకి ఫోను చేసి నర్సుని అడిగాడు.

"ఇక్కడెవరూ లేరు, ఉస్తాద్. నేను ఫోను పక్కనే కూర్చుని అన్నం తింటున్నా."

"రిసీవరు సరిగ్గా పెట్టి ఉందా?"

"పెట్టే ఉంది. ఏం, ఎవరైనా మాట్లాడుతున్నారా?"

"లేదు" అన్నాడు ఫిక్రీ.

మరమ్మతువాడు వచ్చి గోడలో కేబులు లాగి చూశాడు. "వాన నీళ్ళు దిగాయండీ. తడి తగిలితే దానంతటదే మోగుద్ది. గాలి తగ్గాక మారుస్తాం" అన్నాడు. ఫిక్రీ తల ఊపాడు. నమ్మాడు కూడా. మర్నాడు అదే వేళకి మళ్ళీ రేకు పడింది. అది నీళ్ళేనని తెలిసి కూడా రిసీవరు చెవి నుంచి తియ్యలేకపోయాడు. మిగతా లైన్లలో డాక్టర్లు అరుస్తున్నా, పద్నాలుగుని పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. పై అధికారి రెండుసార్లు పిలిచి మందలించాడు.

ఇంట్లో కూడా చెంచా పడినా, గడియ పడినా ‘టక్కా, దబ్బా’ అని లెక్క కట్టేవాడు. అన్నం సగంలో వదిలేసేవాడు. ఒక శుక్రవారం సనియ్యా ఆకుకూర ఒలుస్తూ కూర్చుని ఉంటే, టేపు రికార్డరు తెచ్చి ఆమె ముందు పెట్టి నొక్కాడు. చివరిదాకా విన్నది ఆమె.

"ఇందులో ఏముంది? ఆయన అడిగాడు, నువ్వు డ్రా అన్నావు."

అప్పుడు చెప్పాడు. నాలుగు అన్నది ఆయన నోరనీ, దాన్ని తను తిరిగి చెప్పలేదనీ, దాంతో ఆయన తననే దయగలవాడు అనుకున్నాడనీ, పైనుంచి రెండు మాట్లు కబురొచ్చినా మెట్లెక్కలేదనీ. సనియ్యా చేతిలో ఆకు ఆగిపోయింది.

"ఆ ట్రామ్‌లో సీటిచ్చిన సంగతి నాతో ఎంత గొప్పగా చెప్పావు నువ్వు" అంది. కోపంతో అన్నదో, జాలితో అన్నదో అతనికి అంతుపట్టలేదు. మళ్ళీ ఆమే అంది: "పోయినాయన దగ్గరికి ఇప్పుడు నువ్వు పోలేవు. బతికున్న పిల్ల దగ్గరికి పో. కప్పు వాళ్ళింటికి ఇవ్వాల్సిన రోజులు కూడా దాటిపోయాయి."

ఇన్షిరాహ్‌కి ముప్పై అయిదేళ్ళుంటాయి. బడిలో కుట్టుపని నేర్పేది. పెళ్ళి చేసుకోకుండా తండ్రిని కనిపెట్టుకుని ఉండిపోయింది. పేపర్లో పడే చదరంగం ఆటలు తండ్రికి చదివి వినిపించేది కానీ, ఆట ఎలా ఆడతారో ఆమెకి తెలియదు.

"రండి బాబాయ్. ఆ మెట్టు విరిగింది, చూసుకుని... ఇటు" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఇంట్లో లవంగం వాసన ఇంకా పోలేదు. "నాన్న ఆఖర్న కూడా మీ పేరే. ‘ఫిక్రీ వస్తానన్నాడు, వాడు మాటంటే మాటే’ అన్నాడు."

ఫిక్రీ కప్పుని బల్ల మీద పెట్టాడు. మాటలు చాలా కూడబలుక్కుని వచ్చాడు. అవన్నీ వదిలేశాడు. సంచిలోంచి రికార్డరు తీశాడు. "ఇది విను తల్లీ. విన్నాక నువ్వేమన్నా పడతా" అన్నాడు.

టేపు తిరిగింది. హాల్లో కుర్చీల చప్పుడు, ఎవరో నవ్వడం. షేకు దగ్గు. ‘ఏనుగు, స్పోర్టింగ్ నాలుగు.’ ఆ తరవాత దబ్. ‘ఏం ఫిక్రీ, తిరిగి చెప్పవేం?’ పలక తడిమిన చప్పుడు. ‘నేనేం చెప్పాను? మూడా, నాలుగా?’

ఫిక్రీ టేపు ఆపి అంతా విడమరిచి చెప్పాడు. ఏనుగు సంగతి, పగిలిన చిల్లు సంగతి, నోటి మాటదే చెల్లుబాటు అన్న నియమం, పై వార్డు నుంచి వచ్చిన ఫోన్లు. ఒక్కటీ దాచలేదు. చెప్పడం అయిపోయాక తల వంచుకుని కూర్చున్నాడు.

"ఇంకోసారి పెట్టండి బాబాయ్."

పెట్టాడు.

"ఆ దగ్గు దగ్గర ఆపండి... కొంచెం వెనక్కి. నాన్న పఠనం టేపులు నలభై ఉన్నాయి ఇంట్లో. ఊళ్ళో అందరి దగ్గరా ఉన్నాయి. ఒక్కదాన్లో కూడా దగ్గు ఉండదు. దగ్గొస్తే ఆపించి మళ్ళీ మొదలెట్టేవాడు. మామూలుగా మాట్లాడింది ఎక్కడా లేదు. నాతో మాట్లాడింది లేదు. ఇదొక్కటే."

మూడోసారి, నాలుగోసారి విన్నది. బయట వీధిలో గ్యాస్ బండివాడు ఇనప ముక్కతో సిలిండరు మీద కొడుతూ వెళ్ళిపోయాడు.

"ఈ టేపు నాకిచ్చేసి వెళ్ళండి" అంది.

"నేను చేసినదాని గురించి..."

"టేపు ఇచ్చి వెళ్ళండి, బాబాయ్."

ఇచ్చి వచ్చేశాడు. తిట్టి ఉంటే తేలికపడేవాడు. క్షమించానని అన్నా తేలికపడేవాడేమో. ఆమె అసలు అతని నేరం వైపు చెవి కూడా పెట్టలేదని ఇంటికొచ్చి సనియ్యాతో అన్నాడు. "పెడుతుందిలే. ముందు తండ్రిని తనివితీరా విననీ" అంది సనియ్యా.

తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు బయటి లైను రేకు పడింది.

"బాబాయ్, నేను ఇన్షిరాహ్‌ని."

"చెప్పు తల్లీ."

"రోజూ వింటున్నా. మొదట్లో నాన్న గొంతు ఒకటే వినబడేది. ఇప్పుడు అన్నీ వినబడుతున్నాయి. నాన్న ఒక మాట అడిగాడు. దానికి జవాబు ఆ టేపులో లేదు. ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా లేదు."

ఫిక్రీ చేతి కింద ఇంకో రెండు రేకులు పడ్డాయి. పట్టించుకోలేదు.

"ఇప్పుడు చెప్పండి" అంది ఆమె. "మూడా, నాలుగా?"

"నాలుగు" అన్నాడు ఫిక్రీ.

"గట్టిగా."

"ఏనుగు, స్పోర్టింగ్ నాలుగు."

అవతల ఊపిరి తీసుకున్న చప్పుడు వచ్చింది. ఆ ఊపిరిని బట్టి ఆమె మనసు చదవలేకపోయాడు. అతని ఉద్యోగంలో అలా జరగడం అదే మొదలు.

"నాన్న ఊరంతా తిరిగి మిమ్మల్ని మంచివాడని చెప్పుకున్నాడు. ఆయన నోటి మాట నేను వెనక్కి తీసుకోలేను. మీరు తీసుకుంటారో, ఉంచుకుంటారో మీ ఇష్టం" అంది. లైను కొట్టేసింది.

ఆ గురువారం ఫిక్రీ సంఘం హాలుకి వెళ్ళి, ఆటలు మొదలవ్వకముందే లేచి నిలబడి అంతా చెప్పాడు. రమ్జీ మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"ఉస్తాద్, ఆ ఫలితం కైరోలో పెద్ద సంఘానికి పంపేసి ఏడాది కావస్తోంది. షేక్ గారు స్వయంగా చెయ్యి కలిపాడు. చెయ్యి కలిపాక ఆట అయిపోయినట్టే. నేనెలా దిద్దేది?"

"దిద్దమనడం లేదు, మాస్టారూ. మీరంతా వినాలని చెప్పాను."

"పోయినాయనకి అర పాయింటు ఎందుకూ? కూర్చో, ఆట మొదలెట్టు" అని వెనకనుంచి ఎవరో నవ్వారు. ఇంకొకాయన, షేకు దగ్గర ఆట నేర్చుకున్న ముసలాయన, లేచి తన కుర్చీని ఫిక్రీ పక్కనుంచి దూరంగా లాక్కున్నాడు. నేల మీద కుర్చీ కాళ్ళు రాసుకున్న ఆ చప్పుడు ఫిక్రీ చాలాకాలం మరవలేదు. ఆ ముసలాయన బతికున్నంతకాలం అతనితో ఆడలేదు. మిగతావాళ్ళు ఆడారు, కానీ "తిరిగి చెప్పు, ఫిక్రీ, సరిగ్గా చెప్పు" అని ప్రతి ఎత్తుకీ రెండేసి మాట్లు చెప్పించుకునేవారు. అతను చెప్పేవాడు. కప్పు పోటీలకి మాత్రం మళ్ళీ పేరు ఇవ్వలేదు.

వసంతంలో కేబులు మార్చారు. పద్నాలుగో రేకు ఊరికే పడడం మానేసింది. అది మానేశాక, భోజనాల వేళ ఫిక్రీ ఆ రేకు మీద వేలు పెట్టి ఉంచడం మొదలుపెట్టాడు. ఎందుకని తోటి ఆపరేటరు అడిగితే అలవాటన్నాడు. పన్నెండేళ్ళ తరవాత రేకుల బల్ల తీసేసి మీటల యంత్రం పెట్టారు. ఆ ఏడే అతను ఉద్యోగ విరమణ చేశాడు.

ఇన్షిరాహ్ ఏటా రంజాను మొదటి రోజున ఫోను చేస్తుంది. ఆరోగ్యం అడుగుతుంది, సనియ్యా పిన్ని మోకాళ్ళ సంగతి అడుగుతుంది, పండగ రొట్టెలు పంపుతానంటుంది. పాత సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. మాట్లాడుతున్నంతసేపూ ఆమె వెనక గదిలో టేపు తిరుగుతూనే ఉంటుంది. కుర్చీల చప్పుడు, దగ్గు, షేకు ప్రశ్న, ఆ తరవాత ఫిక్రీ వయసులో ఉన్నప్పటి గొంతు "డ్రా చేసుకుందామా, మౌలానా?" అనడం, అంత దూరం నుంచి కూడా అతని చెవికి అక్షరం పొల్లుపోకుండా వినబడతాయి. ఆపమని అతను అడగడు. ఆమె ఆపదు. మోకాళ్ళ నొప్పికి ఏ నూనె మంచిదో ఇద్దరూ మాట్లాడుకుంటారు.